బడిలో క్యాటకిజం (క్యాథలిక్ మత పాఠం) చెప్తున్నారు కదా, పాపను ఆదివారం గుడి (చర్చి) క్లాసుకూ పంపాలా?

పంపాలి. మీ పాప మిషన్ స్కూల్లో 3వ తరగతి, వచ్చే ఏడాది కాజీపేటలోనే మొదటి దివ్యసత్ప్రసాదం (చర్చి పూజలో అభిషేకించిన అప్పాన్ని మొదటిసారి స్వీకరించడం) ఇప్పించాలనుకుంటున్నామని రాశారు. బడి నేర్పుతుంది గానీ, బిడ్డ సిద్ధంగా ఉందో లేదో చూసి ఒప్పుకునేది విచారణ గురువే, అంటే మీ ప్రాంత చర్చి ఫాదరే. సిద్ధం చేసే బాధ్యత ముందు తల్లిదండ్రులది, వాళ్లతో పాటు ఆయనది. స్కూల్ సిస్టర్ చెప్పినంత మాత్రాన సత్ప్రసాదం జాబితాలో పేరు ఎక్కదు.

బడిలో క్యాథలిక్ పిల్లలకు క్యాటకిజం నడిచే పీరియడ్‌లోనే మిగతావాళ్లకు మోరల్ సైన్స్ ఉంటుంది. ఆ కాసేపట్లో పాఠం అవుతుంది, అభ్యాసం కాదు. పైగా ఇంగ్లిష్ మీడియం. చిక్కంతా ఇక్కడే. 'అవర్ ఫాదర్' గడగడా చెప్పే పిల్ల, తెలుగు పూజలో అదే ప్రార్థన, పరలోక జపం, మొదలవగానే పెదవులు కదిపి ఊరుకుంటుంది. కొందరు పక్కింటి ప్రొటెస్టెంట్ ప్రార్థన కూటాల్లో విన్న 'నీ నామము' అందుకుంటారు. మన జపంలో 'మీ నామము పూజింపబడును గాక' అని ఉంటుంది. పరలోక జపం, మంగళవార్త జపం (హెయిల్ మేరీ), విశ్వాస సంగ్రహం (క్రీడ్), పశ్చాత్తాప జపం, ఈ నాలుగూ ఇంట్లో రోజూ రాత్రి తెలుగులో చెప్పించండి. విశ్వాస సంగ్రహం పొడుగు, దాన్ని ముక్కలు చేసి వారానికి ఒకటి చాలు.

సత్ప్రసాదానికి ముందు పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం) తప్పనిసరి. 'అబద్ధమాడాను, అమ్మ మాట వినలేదు' అని అందరికీ ఒకే జాబితా బట్టీ పట్టిస్తారు, అది నాకు నచ్చదు. పడుకునే ముందు ఆ రోజు ఏం చేసిందో తనే గుర్తు చేసుకోనివ్వండి. తమ్ముడి తప్పులు కాదు, తనవి. ఫాదర్ ఇచ్చిన ప్రాయశ్చిత్తం గుడి దాటకముందే చేయించండి, లేకపోతే మర్చిపోతారు.

అభిషేకం కాని అప్పంతో ముందే సాధన చేయిస్తారు, ఆ రోజు మానొద్దు. రుచీ పచీ లేదని ఉమ్మేసే పిల్లలుంటారు. అంగిలికి అంటుకుంటే వేలు పెట్టకుండా నానే దాకా ఆగమనండి. మీ విచారణలో చేతిలో ఇచ్చే అలవాటుంటే ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద. 'ఆమెన్' అని కుడి చేత్తో తీసుకుని అక్కడే నోట్లో వేసుకోవాలి. పట్టుకుని బెంచీ దగ్గరికి పరుగెత్తడం బాగా చూసే తప్పు. స్వీకరించడానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు. మంచినీళ్లు, మందులు పర్వాలేదు.

ఇక కాగితం. పాపకు జ్ఞానస్నానం (బాప్టిజం) అమ్మమ్మగారి ఊళ్లో అయిందన్నారు. ఆ రిజిస్టరు అక్కడి విచారణలోనే ఉంటుంది, కాజీపేట ఫాతిమానగర్ కెథడ్రల్‌లో వెతికితే దొరకదు. మూడు నెలల ముందే సర్టిఫికెట్ తెప్పించుకోండి. అందులో 'మరియ' అని, ఆధార్‌లో ఇంకో పేరు ఉండటం మన దగ్గర మామూలే. ఆ తేడా ముందే ఫాదర్‌కు చూపించండి. తెల్ల గౌను బేరం తర్వాత చూసుకోవచ్చు.