మొదటి ప్రయోగంగా ఆంప్లిఫయర్ ఎందుకు చేయించాలి?

తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఎలక్ట్రానిక్స్‌లో మొదట ఏ ప్రయోగం చేయించాలి, మీరు చిన్నప్పుడు ఎలా నేర్చుకున్నారు అని ఒకరు అడిగారు. నా సమాధానం ఒకటే: ఆంప్లిఫయర్, అంటే బలహీనమైన ధ్వని సిగ్నల్‌ను పెంచి స్పీకరుకు అందించే సర్క్యూటు, చేయించండి. ఎల్‌ఈడీ బల్బులు మిణుకుమనే సర్క్యూట్లు తరువాత చూసుకోవచ్చు. ఎల్‌ఈడీ వెలగకపోతే ఊరికే ఆరిపోయి ఉంటుంది, కారణం చెప్పదు. ఆంప్లిఫయర్ చెడిపోయినా చాలాసార్లు ఏదో ఒక చప్పుడు చేస్తుంది. తప్పు ఎక్కడుందో ఆ చప్పుడే చెబుతుంది.

1980ల చివర్లో హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక రేడియో మెకానిక్ దుకాణం ఉండేది. బడి వదలగానే నేను అక్కడే. ఆయన దగ్గర మల్టీమీటరు ఉన్నా బయటికి తీసేది తక్కువ. స్పీకరు గుయ్యిమంటుంటే, "తమ్ముడూ, వాల్యూం తగ్గించు. మోత తగ్గిందా?" అని అడిగేవారు. తగ్గితే దోషం వాల్యూం కంట్రోల్‌కు ముందు ఉన్నట్టు, తగ్గకపోతే దాని తరువాతి భాగంలోనో పవర్ సప్లయిలోనో ఉన్నట్టు. సగం పని అక్కడే అయిపోయేది.

ఆ మోతలోనూ రెండు రకాలున్నాయి. మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. షీల్డు (చుట్టూ కప్పే లోహపు అల్లిక) లేని తీగ ఆ 50 హెర్ట్‌జ్‌ను గాలిలోంచే పట్టుకుని లోతైన మోతగా వినిపిస్తుంది. పవర్ సప్లయిలో ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల రెక్టిఫయర్ దాటాక మిగిలే అల 100 హెర్ట్‌జ్, అంటే అదే స్వరం ఒక స్థాయి పైన. ఆ అలను చదును చేసే ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోతే వినిపించేది ఇదే. సంగీతం రాని పిల్లవాడైనా రెండూ పక్కపక్కనే వింటే తేడా పట్టేస్తాడు. ఆయన నాకు అలాగే వినిపించారు. ఒక సెట్టులో షీల్డు తీగ విప్పి, మరొక సెట్టులో 1000 మైక్రోఫారడ్ కండెన్సర్ ఒక కాలు ఊడదీసి. ఇంత మంచి పాఠం నాకు తరగతి గదిలో ఎప్పుడూ దొరకలేదు.

నేను కట్టిన మొదటి సెట్టు టీబీఏ 810 అనే ఆంప్లిఫయర్ ఐసీతో (ఐసీ అంటే చాలా భాగాలు ఇమిడిన చిన్న చిప్పు). రెండు పక్కలా రెక్కలుండే ఆ ఐసీ అప్పట్లో టీవీల్లో, కార్ల స్టీరియోల్లో కనిపించేది. 4 నుంచి 20 వోల్టుల మధ్య ఎక్కడైనా పనిచేస్తుంది కాబట్టి, వోల్టేజీ పడిపోయే మా వాడలో దానికి సాటి లేదు. కరెంటు పోతే ట్రాక్టరు బ్యాటరీకి తగిలించేవాళ్లం. వాడలో ఆడవాళ్లు బతుకమ్మ ఆడే రోజుల్లో దానికే మైకు కలిపాను. మైకు స్పీకరుకు ఎదురుగా ఉంటే చెవులు చిల్లులు పడేలా కూత పెడుతుంది. స్పీకర్లు ముందుకు, మైకు వాటి వెనక్కు పెడితే ఆగుతుంది. వినపడవనుకున్న పెద్దమ్మల గొంతులు కూడా ఆ రోజు వీధి చివరి దాకా వినిపించాయి.

పెట్టె చేయించే స్తోమత లేనివాళ్లంతా స్పీకరును మట్టికుండ మూతి మీద బిగించేవాళ్లు. అది పేదతనపు సర్దుబాటు అని కొందరు అనుకుంటారు, నేను ఒప్పుకోను. స్పీకరు కోన్ ముందుకు కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ముందు అల, వెనక అల కలిస్తే మంద్రస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కుండ ఆ వెనక అలను లోపలే ఉంచుతుంది. దాని గోడ దళసరిది కాబట్టి పలచని చెక్కలాగా అదరదు. ఒక్కటే చిక్కు: కుండకు తనదైన స్వరం ఒకటి ఉంటుంది, పాటలో ఆ స్వరం వచ్చినప్పుడల్లా బుంగలో మాట్లాడినట్టు మోగుతుంది. లోపల కొంచెం దూది పరిస్తే చాలావరకు అణుగుతుంది.

మీ అబ్బాయికి ఎల్‌ఎం 386 ఐసీ కొనివ్వండి. 9 వోల్టుల బ్యాటరీ, 8 ఓముల స్పీకరు, కొన్ని కండెన్సర్లు చాలు. కరెంటు జోలికి పోనక్కరలేదు, అది నాకు ముఖ్యం. ఐసీ 1, 8 నంబరు కాళ్లు దేనికీ కలపకుండా వదిలేస్తే సిగ్నల్ వోల్టేజీ 20 రెట్లు పెరుగుతుంది, వాటి మధ్య 10 మైక్రోఫారడ్ కండెన్సర్ పెడితే 200 రెట్లు. స్పీకరుకు వెళ్లే దారిలో 220 మైక్రోఫారడ్ కండెన్సర్ తప్పనిసరి, దాని ప్లస్ కాలు ఐసీ వైపు ఉండాలి.

కట్టడం అయ్యాక పాట పెట్టనివ్వకండి. ముందు ఇన్‌పుట్ తీగ చివర వేలు తాకించమనండి. స్పీకరు గుర్రుమంటే సర్క్యూటు బతికే ఉంది. మౌనంగా ఉంటే స్పీకరు దగ్గర నుంచి వెనక్కు ఒక్కో అతుకూ చూసుకుంటూ రమ్మనండి. ఈ వేలి పరీక్ష బ్యాటరీ సెట్టుకు మాత్రమే, కరెంటుకు కలిపిన పెట్టెలో ఎప్పుడూ చేయకూడదని ఆ రోజే గట్టిగా చెప్పండి.