అరకు ఇప్పుడే వద్దు

చిన్నా,

నువ్వు కారు కొన్నావని అమ్మ ఫోన్ చెయ్యగానే మీ అత్తయ్య వీధంతా చెప్పొచ్చింది. మన ఇళ్ళల్లో సొంతానికి కారు కొన్నది నువ్వే. నాకు కళ్ళు చెమర్చాయిరా. కానీ ఈ ఆదివారమే స్నేహితుల్ని ఎక్కించుకుని అరకు పోతున్నావని తెలిశాక నిద్ర పట్టలేదు.

పైడితల్లి అమ్మవారి వనంగుడి దగ్గర పూజ చేయించావట, సంతోషం. టైర్లలో గాలెంత ఉండాలో డ్రైవరు డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. సీట్ల ప్లాస్టిక్ కవర్లు పీకెయ్. ముందు ఇనప గార్డు పెట్టించకు, 2017లోనే కేంద్రం వద్దంది.

మొదటి 1000 కిలోమీటర్లు ఇంజన్‌ని తొక్కి నడపకు. పిస్టన్ రింగులు సిలిండర్‌లో ఒదిగేది అప్పుడే. గంటలకొద్దీ ఒకే స్పీడు కూడా పనికిరాదు. అందుకే హైవే కంటే చీపురుపల్లి రోడ్డు మేలు. ఊరు వచ్చిన ప్రతిసారీ స్పీడు తగ్గుతుంది, దాటాక పెరుగుతుంది.

నా భయమంతా బ్రేకులతోనే. కొత్త ప్యాడ్లు డిస్కుకి ఒరుసుకుని సరిగ్గా కూర్చోవడానికి 300 కిలోమీటర్లయినా తిరగాలి. అందాకా పట్టు తక్కువ.

మీ నాన్న జీపు సంగతి నీకెవరూ చెప్పి ఉండరు. కొన్న వారానికే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కోరాపుట్ పెళ్ళికి వెళ్ళాడు. తిరిగొస్తూ సుంకి ఘాటు రోడ్డులో డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేశాడు. ఇక బండిని ఆపేది బ్రేకొక్కటే కదా, కాలు తియ్యకుండా నొక్కుతూనే దిగాడు. ముందు మాడు వాసన. తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి పోయింది. కొండవైపు కాలవలోకి తిప్పాడు కాబట్టి అందరూ మిగిలారు.

రాయపూర్ నుంచి లారీతో నేనూ అదే దారిన వస్తున్నాను. మీ అమ్మ మీ అక్కని హత్తుకుని రాయి మీద కూర్చుంది, నోట మాట లేదు. నాన్న డబ్బాతో నీళ్ళు తెచ్చి పొగలు కక్కుతున్న బ్రేకు డ్రమ్ము మీద పొయ్యబోతున్నాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. అంత వేడి ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. దానంతటది చల్లారాక, తాడు కట్టి పైకి లాగి, సెకండ్ గేరులో నా వెనకే సాలూరు దాకా దింపించాను.

బావని తప్పు పట్టను. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని ఆయనకి చెప్పినవాడు లేడు. నీకు నేనున్నాను కదరా.

మొదటి సర్వీసు అయ్యాక అరకు వెళ్ళు. ఎస్.కోట వైపు దిగేటప్పుడు సెకండ్‌లో పెడితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకు నొక్కి వదులు, నొక్కి వదులు. ఎక్కే బండికి దారివ్వు.

ఈ ఆదివారం అమ్మని రామతీర్థం తీసుకెళ్ళు. వెనక సీట్లో కూర్చున్నా బెల్టు పెట్టించు. ఊపిరాడట్లేదంటుంది, వినకు.

మీ మావయ్య
విజయనగరం