మాస్టారి మాట దాటితే ద్రోహమా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పిన మాస్టారే నాచేత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాయించారు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాయమని పట్టుబట్టి ఇంజనీరింగ్‌లో చేర్పించారు. ఇప్పుడు నాకు 29 ఏళ్లు. హైదరాబాదులో ఒక నిర్మాణ సంస్థలో స్ట్రక్చరల్ డిజైన్ చేస్తున్నాను. సొంతంగా చిన్న కార్యాలయం పెట్టుకోవాలని ఉంది. మాస్టారు మాత్రం ప్రభుత్వ శాఖలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) పోస్టుకు చదవమంటున్నారు. ఈ వయసులో మరో మార్గదర్శిని వెతుక్కుంటే ఆయనకు ద్రోహం చేసినట్లు కాదా? వచ్చే ఏడాది రిటైరవుతున్న మా నాన్నగారికి కూడా ఇలాంటి తోడు అవసరమా?
— ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: ద్రోహం కాదు. డిప్లొమా చదివినవారు ఈసెట్ రాసి నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చన్న ఒక్క సంగతి చెప్పేవారు లేక ఆగిపోయిన పిల్లలు మన పల్లెల్లో ఎందరో ఉన్నారు. ఇంట్లో ఎవరికీ తెలియని దారిని చూపి, గడువు దాటకుండా దరఖాస్తు పెట్టించి, మీమీద మీకే లేని నమ్మకాన్ని తాను పెట్టుకున్న మాస్టారు ఆ వయసుకు కావలసినదంతా మీకిచ్చారు. ఇప్పటి మీ అవసరం వేరు. డ్రాయింగుకు ఎంత రుసుము అడగాలి, సంతకం పెట్టాక బాధ్యత ఎంతవరకు ఉంటుంది, బిల్డరు నాలుగు నెలలు డబ్బు ఇవ్వకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్నవి పదేళ్లుగా అదే పనిలో ఉన్నవారు మాత్రమే చెప్పగలరు.

పి.వి. సింధు సికింద్రాబాదులో మెహబూబ్ అలీ దగ్గర తొలిపాఠాలు నేర్చుకుంది. పుల్లెల గోపీచంద్ శిక్షణలో 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. 2021లో టోక్యోలో కాంస్యం అందుకున్నప్పుడు ఆమె శిక్షకుడు దక్షిణ కొరియాకు చెందిన పార్క్ తే సాంగ్. రాకెట్ పట్టుకోవడం నేర్పినవారి శ్రమ లేకుండా ఆ పతకాలు లేవు. అలాగని చివరిదాకా ఆయన దగ్గరే ఉండిపోవాలని ఎవరూ అనరు.

యౌవనంలో దొరికే పెద్దదిక్కు చేసే మేలు మరొకటి ఉంది. గురజాడ అప్పారావు గారు 1883లో ‘సారంగధర’ను ఇంగ్లీషు పద్యంగా ప్రకటించినప్పుడు ఆయనకు ఇరవయ్యొకటి. కలకత్తాలో ‘రీస్ అండ్ రయ్యత్’ పత్రిక నడుపుతున్న శంభుచంద్ర ముఖర్జీ దానిని మెచ్చుకున్నారు. అంతటితో ఊరుకోక, సొంత భాషలో రాయమని ప్రోత్సహించారు. మెప్పుతో పాటు దిశను కూడా చూపించగలవారు అరుదు. అటువంటివారు మన ఊరివారో మన కులంవారో అయి ఉండాలన్న పట్టింపు వదులుకోవాలని నా గట్టి నమ్మకం.

అయితే ఎవరి దగ్గరికైనా వెళ్లి “నాకు మార్గదర్శిగా ఉండండి” అని అడగవద్దు. ఎదుటివారికి అది మోయలేని బరువుగా తోస్తుంది. మీరు గీసిన ఒక డ్రాయింగు, ఒకే ఒక్క సందేహం పట్టుకుని వెళ్లండి. ఆయన చెప్పిన సవరణ చేసి నెల తర్వాత చూపించండి. అనుబంధం అలా పనిలోంచి పెరుగుతుంది. మీ తరఫున నిర్ణయాలు తీసుకోవడానికి ఉబలాటపడేవారికి, భాగస్వామ్యం అంటూ మొదటిరోజే డబ్బు మాట ఎత్తేవారికి దూరంగా ఉండండి.

మీ నాన్నగారికి తోడు తప్పక అవసరం. అదే శాఖలో నాలుగైదేళ్ల క్రితం రిటైరైన స్నేహితుడు ఉంటే పింఛను కాగితాల పని సులువవుతుంది. ఉదయం తొమ్మిదింటికి వెళ్లవలసిన చోటు లేకపోవడం ఎలా ఉంటుందో కూడా అనుభవించినవాడే చెప్పగలడు. ఈ ఏడాదిలోనే ఆ పరిచయం కలపండి.

ఇక మాస్టారి విషయం. మీ ఆలోచన ఆయనకు వేరెవరి నోటనో తెలియనివ్వకండి. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు స్వయంగా చెప్పండి. ఆయన ఏఈ ఉద్యోగం మాట మళ్లీ ఎత్తితే అడ్డుపడకుండా వినండి. నెలనెలా జీతం రాని ఇళ్లను ఆయన ఎన్నో చూసి ఉంటారు. మీకు తొందరపాటు ఎక్కడుందో, పట్టుదల ఎక్కడుందో పదిహేనేళ్లుగా ఎరిగిన మనిషి హైదరాబాదులో మీకు దొరకరు. అందుకే మొదటి ఏడాది అద్దె, సాఫ్ట్‌వేర్ ఖర్చు, సహాయకుడి జీతం, ఇంటి ఖర్చు, వస్తుందనుకుంటున్న రాబడి అన్నీ కాగితంమీద వేసుకుని వెళ్లి ఆయన ముందు పెట్టండి. ఆయన లెక్కల మాస్టారు, తప్పెక్కడుందో పట్టుకుంటారు.