షార్ట్ ఫిల్మ్‌కి ఇచ్చిన డబ్బు అప్పా, పెట్టుబడా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇంటర్ నుంచి కలిసి చదువుకున్న మిత్రుడు 25 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీస్తానని, ఎవరూ డబ్బు పెట్టడం లేదని కన్నీళ్లు పెట్టుకుంటే కాదనలేకపోయాను. 2023 మార్చి 18న 2 లక్షలు, జూన్ 5న లక్షన్నర బ్యాంకు ద్వారా పంపాను. ఆగస్టులో షూటింగ్ ఆగిపోతోందంటే మా ఆవిడ గాజులు కుదువ పెట్టి ఇంకో లక్ష చేతికిచ్చాను. కాగితం ఏదీ రాసుకోలేదు. ‘సినిమా అమ్ముడుపోగానే నీ డబ్బు నీకు ఇచ్చేస్తా, పైన లాభంలో 20 శాతం’ అని వాట్సాప్‌లో పెట్టాడు. సంతకం చేసిన ఖాళీ చెక్కు ఒకటి ఇచ్చాడు. సినిమాను ఎవరూ కొనలేదు. చివరికి తనే యూట్యూబ్‌లో పెట్టాడు. టైటిల్స్‌లో నా పేరు కూడా వేయలేదు. ఆ బాధతో నిద్ర పట్టడం లేదు. అడిగితే ‘నువ్వు పెట్టుబడి పెట్టావు, నష్టం వచ్చింది’ అంటున్నాడు. కావాలంటే ఇప్పుడు సహ నిర్మాతగా పేరు వేస్తాడట. ఉగాదికి ఊరొస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం అంటున్నాడు. యూట్యూబ్‌కు కాపీరైట్ ఫిర్యాదు (స్ట్రైక్) చేసి సినిమాను అక్కడి నుంచి తొలగింపజేయమని, చెక్కు మీద 10 లక్షలు రాసి బౌన్స్ చేయించమని తెలిసినవాళ్లు చెబుతున్నారు. చీటింగ్ కేసు పెట్టవచ్చా? 2024 డిసెంబరులో మాత్రం 30 వేలు ఫోన్‌పే చేసి ‘మిగతాది మెల్లగా ఇస్తా’ అని మెసేజ్ పెట్టాడు.

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన మాట చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు రాశారు. ‘మిగతాది మెల్లగా ఇస్తా.’ మీ కేసు నిలబడితే ఈ మాట మీదే నిలబడుతుంది. నష్టపోయిన పెట్టుబడికి ‘మిగతాది’ అంటూ ఉండదు. బాకీకే ఉంటుంది.

కోర్టు తేల్చాల్సింది ఒక్కటే: మీరిచ్చింది అప్పా, వాటా పెట్టుబడా? అప్పయితే సినిమా ఆడినా ఆడకపోయినా తిరిగి ఇవ్వాల్సిందే. పెట్టుబడయితే లాభంతో పాటు నష్టమూ పంచుకోవాలి. అప్పుడు మీకు మిగిలేది లెక్కలు చూపించమని అడిగే హక్కే. లాభంలో 20 శాతం అన్నాడు కాబట్టి మీరు భాగస్వామి అయిపోయారని అతని వకీలు వాదిస్తాడు. భయపడకండి. అప్పిచ్చినవాడు లాభంలో వాటా తీసుకున్నంత మాత్రాన భాగస్వామి అయిపోడని 1932 నాటి భాగస్వామ్య చట్టం 6వ సెక్షనే చెబుతోంది. పైగా అతను ‘నీ డబ్బు నీకు’ అని విడిగా, ‘పైన లాభం’ అని విడిగా రాశాడు. చేతిలో చెక్కు కూడా పెట్టాడు. పెట్టుబడిదారుడికి ఎవరూ ఖాళీ చెక్కు ఇవ్వరు.

ఇబ్బంది పెట్టే మాట ఒకటుంది: ‘సినిమా అమ్ముడుపోగానే’. సినిమా అమ్ముడుపోలేదు కాబట్టి ఇవ్వాల్సిన సమయమే రాలేదని అంటాడు. దానికి జవాబు అతనే ఇచ్చాడు. అమ్మకుండా యూట్యూబ్‌లో ఉచితంగా పెట్టింది అతనే. అమ్మకం దారి తనే మూసేసి, అమ్మకం జరగలేదని తప్పించుకోవడం కుదరదు. అయితే అప్‌లోడ్ చేసిన తేదీ మీ దగ్గర రుజువుగా ఉండాలి. ఆ పేజీని ఈరోజే భద్రపరచుకోండి.

టైటిల్స్‌లో పేరు లేదని నిద్ర పట్టడం లేదన్నారు. పేరు లేకపోవడం మీకు మేలే చేసింది. నిర్మాతగా పేరు పడి ఉంటే అతని ‘పెట్టుబడి’ వాదనకు మీరే సాక్ష్యం ఇచ్చినట్టయ్యేది. ఇప్పుడు సహ నిర్మాత పేరు ఎందుకు ఇస్తానంటున్నాడో అర్థమైందా? ఒప్పుకోవద్దు. ‘వద్దు, నాకు నా బాకీ ఇవ్వు’ అని మెసేజ్‌లోనే జవాబివ్వండి.

ఇదే కారణంతో గట్టిగా చెబుతున్నాను: కాపీరైట్ స్ట్రైక్ జోలికి పోవద్దు. స్ట్రైక్ వేయాలంటే ‘ఈ సినిమా హక్కుదారుణ్ని నేనే’ అని మీరే ప్రకటించాలి. కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు మొదటి హక్కుదారు నిర్మాత, అంటే తీయడానికి చొరవ, బాధ్యత తీసుకున్న మనిషి. డబ్బిచ్చినంత మాత్రాన ఆ హక్కు రాదు. హక్కు బదిలీ కావాలంటే సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. మీ దగ్గర అలాంటిదేమీ లేదు. కాబట్టి ఆ ప్రకటన అబద్ధం అవుతుంది. అంతకన్నా ఘోరం, నేనే నిర్మాతనని మీ చేతులతో మీరే రాసి అతనికి అప్పగించినట్టవుతుంది. రేపు అప్పు దావాలో అతను కోర్టుకు చూపించే మొదటి కాగితం అదే.

ఇక దావా వేయడానికి ఉన్న గడువు. ఈ విషయం మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకు కోపం తెప్పించింది ఇదే. తీర్చే తేదీ రాసుకోని చేబదులుకు 1963 నాటి కాలపరిమితి చట్టం ఇచ్చేది మూడేళ్లు. అది డబ్బిచ్చిన రోజు నుంచి లెక్క, మీరు అడిగిన రోజు నుంచి కాదు. అమ్మకం షరతును చూపి గడువు ఇంకా మొదలే కాలేదని వాదించవచ్చు గానీ, 2 లక్షలను ఆ వాదన మీద పందెం కాయకండి. మీ మొదటి 2 లక్షలకు గడువు 2026 మార్చి 18తో ముగుస్తుంది. ఈసారి ఉగాది మార్చి 19. ఉగాదికి కూర్చుని మాట్లాడుకుందామన్న మాటలో ఎత్తుగడ ఉందో లేదో నేను చెప్పలేను. ఆ మాట నమ్మి ఆగితే మాత్రం 2 లక్షలు ప్రమాదంలో పడతాయి.

చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. లాయర్ నోటీసు ఇస్తే గడువు ఆగదు. పోలీసు ఫిర్యాదుతో ఆగదు. చెక్కు కేసు నడుస్తున్నా సివిల్ దావా గడువు ఆగదు. గడువు ముగిసేలోపు బాకీ ఒప్పుకుంటూ అతను సంతకం చేసి రాసిస్తేనే ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. 30 వేలు కట్టాడు, మెసేజ్ పెట్టాడు కదా అంటారేమో. దానికీ చట్టం అతని చేతిరాతో, సంతకమో కోరుతుంది. వాట్సాప్ మెసేజ్ ఆ స్థానంలో చెల్లుతుందా అన్నది కోర్టులో వాదించాల్సిన విషయం. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

చెక్కు మీద 10 లక్షలు రాస్తే మీ కేసును మీరే చంపుకున్నట్టు. చెక్కు బౌన్స్ కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద చెక్కు మొత్తం నిజంగా రావాల్సిన బాకీకి సరిపోవాలి. ముట్టిన 30 వేలు తీసేస్తే మీకు రావాల్సింది 4,20,000. అందులో చేతికిచ్చిన లక్షకు ఇప్పటికి రుజువు లేదు. ఎక్కువ రాసి ఆ చెక్కు కేసు పోగొట్టుకుంటే, మీ మాట మీద కోర్టుకు ఉన్న నమ్మకమూ పోతుంది. చెక్కు వాడదలిస్తే న్యాయమైన మొత్తం రాసి, మార్చి 18 లోపే బ్యాంకులో వేయండి. తిరిగొచ్చిన సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందాక 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు వేయాలి. ఒక్క మెట్టు తప్పినా చిక్కే.

చీటింగ్ కేసు వద్దు. తీసుకున్న రోజే మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. మీవాడు సినిమా తీశాడు, అందరూ చూసేలా పెట్టాడు. స్టేషన్‌లో ఇది సివిల్ తగాదా అంటారు. అందులో తప్పేమీ లేదు. ఈలోగా మీ వారాలు కరిగిపోతాయి.

నాలుగున్నర లక్షలిచ్చి ఒక్క కాగితం రాయించుకోకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రోనోటు చాలు. అది అడిగితే చెడే స్నేహమైతే ఎలాగూ నిలిచేది కాదు. సరే, ఇప్పుడు చేయాల్సింది చూద్దాం.

ముందు కోపం లేకుండా ఒక మెసేజ్ పెట్టండి: ఏ తేదీన ఎంత ఇచ్చారో, చేతికిచ్చిన లక్షతో సహా రాసి, 30 వేలు ముట్టాయని చెప్పి, 4,20,000 ఎప్పుడిస్తావని అడగండి. లక్ష తీసుకోలేదని అనకుండా జవాబిస్తే అదే మీకు ఆధారం. లాభంలో 20 శాతం ఊసెత్తకండి. రాని లాభం కోసం వాదిస్తే భాగస్వామిలా కనిపిస్తారు. గాజులు కుదువ పెట్టిన రసీదు వెతకండి. ఆ తేదీ, ఆ మొత్తం మీ లక్షకు బలమైన తోడు. ఆ చాట్ ఉన్న ఫోన్ మార్చకండి, అమ్మకండి, ఏదీ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. దాని మీద మీ సంతకంతో పాటు నిపుణుడి సంతకమూ ఉండాలి.

ఉగాది దాకా ఆగకుండా ఈ నెలలోనే అతన్ని కలవండి. 4,20,000కు ప్రోనోటు రాసిస్తే, ఆ రోజు తేదీయే వేయించి తీసుకోండి. పాత తేదీ వేయించవద్దు. స్టాంపు మీద పడేలా సంతకం చేయించండి. స్టాంపు లేని ప్రోనోటును తర్వాత జరిమానా కట్టి కూడా సరిచేసుకోలేం. వాయిదాల్లో కడతానంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోండి. అది కోర్టు డిక్రీతో సమానం, ఫీజు ఉండదు. కానీ ఆ మాటలు సాగుతున్నాయని గడువు మరవకండి. ఫిబ్రవరి 28 నాటికి సంతకం చేతికి రాకపోతే మాటలు ఆపి, మార్చి మొదటి వారంలో సివిల్ కోర్టులో దావా వేయండి. మిగతా రెండు మొత్తాలకు జూన్, ఆగస్టు వరకు సమయం ఉన్నా మూడూ కలిపి ఒకే దావాలో అడగండి.