థైరాయిడ్ ఎక్కువైతే రక్తం పలచబడే మాత్ర ఎందుకు?

"అమ్మకి థైరాయిడ్ ఎక్కువగా ఉందన్నారు సరే, రక్తం పలచబడే మాత్ర ఎందుకు రాశారు?" అని అడిగారు. రాసినందుకు ఆ డాక్టరుకి దణ్ణం పెట్టండి. థైరాయిడ్ అంటే ఒళ్లు రావడం ఒక్కటే మనవాళ్లకి తెలుసు. ఎక్కువైన థైరాయిడ్ సంగతి ఎవరికీ పట్టదు.

మా పెద్దమ్మది రాజోలు వైపు. ఒక వేసవంతా చిక్కిపోతూ వచ్చింది. చేతులు వణుకు, గుండె దడ. షుగరేమో అన్నారు కొందరు, కోడలొచ్చాక టెన్షన్ అన్నారు ఇంకొందరు. ఆరెంపీ బలానికని సెలైన్ ఎక్కించాడు. మా కోనసీమలో ఏ జబ్బుకైనా మొదటి వైద్యం సెలైనే, అదేం నమ్మకమో! చెయ్యి పట్టుకుని నాడి చూసినవాడు ఒక్కడూ లేడు.

నరసాపురంలో పెళ్లికని సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడి ఉండగా ఆవిడ చేతిలో సంచి జారిపోయింది. వంగి తీసుకోబోతే వేళ్లు పట్టడం లేదు. మూతి ఓ పక్కకి లాగేసింది, మాట ముద్దముద్దగా వస్తోంది. "ఎండదెబ్బ, నిమ్మరసం పట్టండి" అంటూ ఎవరో సీసా నోటి దగ్గరికి తెచ్చేశారు. మూతి వంకరపోయిన మనిషికి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయండీ బాబూ! కాసేపటికి మాట దానంతటదే వచ్చేసింది. "చూశారా, ఎండే" అన్నారు. మా అన్నయ్య వినకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ఈసీజీలో గుండె లయ తప్పింది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. టీఎస్‌హెచ్ దాదాపు సున్నా. టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్‌ని పనిచెయ్యమని తోసే హార్మోను, థైరాయిడ్ మితిమీరితే అది పడిపోతుంది.

థైరాయిడ్ హార్మోన్ మితిమీరితే గుండె పైగదులు సరిగ్గా ముడుచుకోకుండా వణకడం మొదలెట్టొచ్చు. అప్పుడు పారని కాలవలో గుర్రపుడెక్క పేరుకున్నట్టు ఎడమ పైగది మూల రక్తం గడ్డకడుతుంది. ముక్క మెదడుకి చేరితే పక్షవాతమే. దానికి తోడు రక్తంలో గడ్డకట్టించే ఫ్యాక్టర్ 8, వాన్ విలీబ్రాండ్ ఫ్యాక్టర్, ఫైబ్రినోజెన్ పెరుగుతాయి, గడ్డని కరిగించే శక్తి తగ్గుతుంది. రక్తనాళాల లోపలి పొర కూడా నలుగుతుంది. బీపీలో పై అంకె పెరిగి కింది అంకె తగ్గుతుంది. పెద్దమ్మ మెడ దగ్గర నాడి ఎగరడం అవతల కుర్చీలోంచే కనిపించేది. నన్నడిగితే 50 దాటి దడ అన్న ప్రతివాళ్లకీ టీఎస్‌హెచ్ చేయించాల్సిందే. పెద్ద వయసులో కొందరికి వణుకూ చెమటలూ కూడా ఉండవు, గుండె లయ తప్పడమే మొదటి గుర్తు.

పెద్దమ్మకి రక్తం పలచబడే మాత్ర వార్ఫరిన్ ఇచ్చారు. థైరాయిడ్‌ని తగ్గించే మందు కార్బిమజోల్‌తో అది దారికొస్తున్నకొద్దీ వార్ఫరిన్ మోతాదు పెంచాల్సి వచ్చింది. "జబ్బు తగ్గుతుంటే మందు పెంచుతాడేంటి, డబ్బు కోసం కాకపోతే!" అని పెదనాన్న గొడవ. విషయం వేరు. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు, విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే గడ్డకట్టించే పదార్థాలు తొందరగా ఖర్చైపోతాయి. అందుకే అప్పుడు కొంచెం వార్ఫరినే గట్టిగా పనిచేస్తుంది, తర్వాత అదే మోతాదు చాలదు. మీ అమ్మగారిదీ వార్ఫరినే అయితే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష వాయిదా వెయ్యకండి. మాత్ర సొంతంగా ఆపకండి. కార్బిమజోల్ వాడుతూ గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్షకి వెళ్లండి, తెల్లకణాలు పడిపోయి ఉండొచ్చు.

ఇక గోంగూర. పెద్దమ్మ ఇంట్లో గోంగూర, తోటకూర పూర్తిగా నిషేధించేశారు, అందులో విటమిన్ కె ఉంటుందని. ఉంటుంది, కానీ మానక్కర్లేదు. రోజూ తినేంతే తింటే డాక్టరు మోతాదు దానికి తగ్గట్టు సర్దుతాడు. ఓ వారం పస్తుపెట్టి, మరో వారం గిన్నెడు లాగిస్తేనే తంటా.