రిపోర్టు వచ్చేదాకా ఎఫ్‌డీ కదపకండి

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. జన్మలో సిగరెట్ ముట్టలేదు. అడ్మిట్ చేసి బయాప్సీ చేస్తే ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్ అని తేలింది. డాక్టర్ జన్యు పరీక్షలు రాశారు. ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువు ఒక్కటే త్వరగా చూడటానికి 9 వేలు, అన్ని జన్యువులూ కలిపి చూసే ప్యానెల్‌కు 40 వేలు, రెండు మూడు వారాలు అన్నారు. 5 లక్షల ఆరోగ్య బీమా, నాన్నగారి పేరున 8 లక్షల ఎఫ్‌డీ ఉన్నాయి. పరీక్ష మానేసి ఆ డబ్బు చికిత్సకే ఉంచాలా? ఎఫ్‌డీ ఇప్పుడే తీసేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: పరీక్ష మాత్రం మానకండి. మీకు రాబోయే ఖర్చుల్లో చిన్నది ఇదే, మిగతా ఖర్చు ఎంతో తేల్చేదీ ఇదే. మన దేశంలో ఈ రకం క్యాన్సర్ వచ్చినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి ఈజీఎఫ్‌ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. పొగ తాగనివాళ్లలో ఇంకా ఎక్కువ. అది ఉంటే చాలామందికి రోజూ వేసుకునే మాత్రతో చికిత్స నడుస్తుంది. జెఫిటినిబ్ లాంటి పాత మందుకు జనరిక్‌లు (అదే మందును వేరే కంపెనీలు చవకగా చేసేవి) ఉన్నాయి, నెలకు వేలల్లో అవుతుంది. ఒసిమెర్టినిబ్ అనే కొత్త మందు మీద 2024లో కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తేసినా, పాత మందు కంటే అది చాలా ఖరీదు. ఈ మార్పు ఉన్నవాళ్లకు లక్షలు పోసి చేయించే ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తితోనే క్యాన్సర్‌ను ఎదుర్కొనే చికిత్స) సాధారణంగా అంతగా పనిచేయదు. అందుకే రిపోర్టు రాకముందే పెద్ద ప్యాకేజీకి డబ్బు కట్టమంటే, ఆగవచ్చా అని డాక్టర్‌ను అడగండి.

ఏ పరీక్ష అన్నది డాక్టర్ నిర్ణయం. డబ్బు వైపు నుంచి నేను చెప్పగలిగింది ఇంతే. నాన్నగారికి ఆయాసం పెరుగుతూ, వారాలు ఆగలేని స్థితి ఉంటే త్వరగా వచ్చే పరీక్షకు పెట్టే 9 వేలు దండగ కాదు. ఆగగలిగితే నేరుగా ప్యానెల్ నయం. మొదటిదాంట్లో ఏమీ లేదని వస్తే ఎలాగూ రెండోది చేయించాలి, మొత్తం 49 వేలవుతుంది. బయాప్సీ ముక్క రెండిటికీ సరిపోతుందా అని ముందే అడగండి. చాలకపోతే మళ్లీ బయాప్సీ, మళ్లీ అడ్మిషన్, మళ్లీ బిల్లు.

బయాప్సీకి అడ్మిట్ అయ్యారు కాబట్టి, డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల ఖర్చు ఇస్తారో పాలసీలో చూడండి. ఆ గడువులో ఈ జన్యు పరీక్ష చేయించి, డాక్టర్ చీటీ, ల్యాబ్ బిల్లు జతచేసి క్లెయిమ్ పెట్టండి. ఇంట్లో వేసుకునే మాత్రల సంగతి వేరు. నోటి ద్వారా ఇచ్చే కీమోథెరపీ బీమాలో ఉంటుంది గానీ, చాలా పాలసీల్లో దానికి పరిమితి పెడతారు. మీ మందు అందులోకి వస్తుందో లేదో బీమా కంపెనీ నుంచి ఈమెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్ముకోవద్దు.

ఇక ఎఫ్‌డీ. మాత్రల చికిత్స అయితే అది నెలనెలా, ఏళ్ల తరబడి సాగే ఖర్చు. ఇప్పుడే మొత్తం తీస్తే వడ్డీ కోత పడుతుంది, చేతిలో ఉన్న డబ్బు ఎటు పోయిందో తెలియదు. పరీక్ష ఖర్చుకు ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (దాన్ని తీయకుండానే, హామీగా చూపి బ్యాంకు ఇచ్చే అప్పు) తీసుకోండి, క్లెయిమ్ రాగానే కట్టేయవచ్చు. రిపోర్టు వచ్చాక నెల ఖర్చు తెలుస్తుంది. అప్పుడు 8 లక్షలను వేర్వేరు నెలల్లో గడువు తీరే చిన్న ఎఫ్‌డీలుగా విడగొట్టండి. మందుల కంపెనీలు నడిపే సహాయ పథకాల గురించి ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను అడగండి, ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) అర్హత కూడా చూసుకోండి.

మీరు పాత పన్ను విధానంలో ఉంటే, నాన్నగారు మీ మీద ఆధారపడినవారైతే, క్యాన్సర్ లాంటి జబ్బుల చికిత్స ఖర్చుకు ఆదాయపు పన్నులో 80డీడీబీ కింద లక్ష వరకు మినహాయింపు ఉంది. బీమా ఇచ్చినంత అందులో తగ్గుతుంది. దానికి క్యాన్సర్ నిపుణుడి చీటీ కావాలి. ఈసారి వెళ్లినప్పుడే రాయించుకోండి.