కామెర్ల కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ కథ చదివాను. తొమ్మిదో తరగతి పిల్లాడికి హెపటైటిస్ బి అని తేలగానే మధ్యాహ్న భోజనం దగ్గర వాడి కంచం వేరు చేయించావు, పక్కన కూర్చున్న ఇద్దరికీ కామెర్లు అంటించావు, చివర్లో హెడ్మాస్టరు చేత ఉపన్యాసం ఇప్పించావు. భాష బావుంది. జబ్బే తప్పు.

కలిసి తింటే, ఒకే బెంచీ మీద కూర్చుంటే బి అంటదు. రక్తం ద్వారా, కాన్పప్పుడు తల్లి నుంచి, శరీర సంబంధం వల్ల వస్తుంది. నీ కథ చదివి ఏ ఊళ్ళోనైనా ఒక పిల్లాడి కంచం నిజంగానే వేరు పెడితే ఎవరిది పూచీ? నీళ్ళతో వచ్చేవి హెపటైటిస్ ఎ, ఇ. క్లాసులో ముగ్గురికి ఒకేసారి కళ్ళు పచ్చబడాలంటే ఎ రాయి, అది కూడా కలుషితమైన నీళ్ళు తాగిన మర్నాడు కాదు, దాదాపు నెలకి బయటపడుతుంది, ఆలోపు ట్యాంకు కడిగి బ్లీచింగ్ వేసేసి ఉంటారు, నీళ్ళని ఎవరూ అనుమానించరు. అసలు కథ అక్కడుంటే నువ్వు దాటేసి వెళ్ళిపోయావు.

లేదు, బి మీదే రాస్తానంటావా, అయితే వయసుల లెక్క చూసుకో. చంటిపిల్లలకి బి టీకా దేశమంతటా అందింది 2011లో, కర్ణాటకలో అంతకు కాస్త ముందే. అంటే ఇప్పటి తొమ్మిదో తరగతి వాళ్ళలో చాలామంది వేయించుకున్నవాళ్ళే. వేయించుకోనిది వాళ్ళమ్మ. చెల్లెలు కడుపులో ఉండగా పీహెచ్‌సీలో రక్తం తీస్తే ఆవిడకి ఉందని తెలుస్తుంది. పుట్టిన 24 గంటల్లోపు ఆ బిడ్డకి మొదటి డోసు పడాలి, ఎందుకంటే పసితనంలో అంటితే పదిమందిలో తొమ్మిది మందికి అది ఏళ్ళ తరబడి ఉండిపోతుంది, అదే పెద్దయ్యాక అంటితే నూటికి ఐదుగురికి కూడా ఉండదు. కాన్పు ఆదివారం రాత్రి ఇంట్లోనే అయిపోయిందనుకో. నేనైతే కథంతా ఆ 24 గంటల్లోనే నడిపేవాణ్ణి.

పసరు పోసే తాతని విలన్‌ని చేయకు. ఎ చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది, పసరు తాగినా తాగకపోయినా. అందుకే ఊరు ఆయన్ని నమ్ముతుంది. బి ఉన్నవాడు కూడా అదే నమ్మకంతో లివర్ పాడయ్యేదాకా ఆయన గుమ్మంలోనే కూర్చుంటాడు, ఈ రెండూ పక్కపక్కన పెట్టు చాలు, తిట్టక్కర్లేదు.

హెడ్మాస్టరు ఉపన్యాసం మొత్తం కొట్టేయ్. దాని బదులు జాతరలో పచ్చబొట్టు పొడిపించుకున్న ఎనిమిదో తరగతి పిల్ల, సూది మార్చాడో లేదో గుర్తు తెచ్చుకోవడానికి తంటాలు పడనీ. ఎండిన రక్తపు మరకలో కూడా ఆ వైరస్ వారం బతుకుతుందని అప్పుడు చెప్పు, చదివేవాడు చచ్చినా మర్చిపోడు.

ఇంకోటి. మారతహళ్ళి రూములో కూర్చుని ఊహించిన స్కూలది, తెలిసిపోతోంది. ఆదివారం వద్దు, స్కూలుండే రోజు సెలవు పెట్టి మెజెస్టిక్‌లో బాగేపల్లి బస్సెక్కు. అక్కడి స్కూల్లో కుళాయిలు ఎన్ని పనిచేస్తున్నాయి, పిల్లలు నోరు పెట్టి తాగుతున్నారా, సబ్బు బయట ఉందా లేక బీరువాలో పెట్టి తాళం వేశారా, చూసిరా. తర్వాత రెండో డ్రాఫ్ట్ పంపు. అమ్మ పాత్ర పేరు మాత్రం మార్చకు, బావుంది.

మీ అన్న
జయనగర్, బెంగళూరు